ఎవరి బాకా ఎవరు ఊదారు

విండోస్ 95 ఆన్ చేయగానే వచ్చే ఆ కొన్ని సెకన్ల మ్యూజిక్ గుర్తుందా? చెప్పులు బయట విప్పేసి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఏసీ రూంలోకి వెళ్ళిన బ్యాచ్‌కి పక్కాగా గుర్తుంటుంది. అది చేసింది బ్రయన్ ఈనో అనే ఇంగ్లండాయన (అది కూడా మ్యాక్ మీద చేశానని ఆయనే చెప్పాడు, అదో కామెడీ). యాంబియెంట్ మ్యూజిక్ అన్న పేరుని జనంలోకి తెచ్చింది కూడా ఈయనే, 1978లో ఎయిర్‌పోర్టుల కోసం అని ఓ ఆల్బమ్ చేసి. సరే, ఈయన గురించి నెట్ నిండా ఉంది, కొత్తగా నేను రాసేదేం లేదు. నేను చెప్దామనుకున్నది ఈయన పక్కన పేరు పడ్డందుకు కొంత లాభపడి, అదే పేరు వల్ల కొంత మరుగున పడిపోయిన ఇంకో ఆయన గురించి, వాళ్ళిద్దరూ కలిసి 1980లో తెచ్చిన ఒక రికార్డు గురించి.

రికార్డు పేరు ఫోర్త్ వరల్డ్ వాల్యూమ్ 1: పాసిబుల్ మ్యూజిక్స్. అట్ట మీద జాన్ హాసెల్, బ్రయన్ ఈనో అని రెండు పేర్లుంటాయి, ముందు పేరు హాసెల్‌దే. మొత్తం 6 ట్రాకులు. అట్ట మీద బొమ్మేమో శాటిలైట్ నుంచి తీసిన నేల ఫొటో, ఒక ట్రాక్ పేరులోనైతే ఏకంగా అక్షాంశం రేఖాంశమే ఉంటాయి, ఆ నంబర్లు మ్యాప్స్‌లో కొట్టి చూస్తే సుడాన్‌లో ఖార్టూమ్‌కి దక్షిణంగా వైట్ నైల్ పక్కన ఎక్కడో తేలుతుంది. ఇదంతా చూసి ఆఫ్రికా మ్యూజిక్ ఏదో అనుకుంటాం, ప్లే చేశాక అసలు ముందు వినపడుతున్న వాయిద్యం ఏంటో అర్థం కాదు. ఫ్లూటా? ఎవరైనా మూలుగుతున్నారా? సింథసైజరా? శంఖమా?

ట్రంపెట్ అండీ అది. నిజంగా.

మనకి ట్రంపెట్ అంటే పెళ్ళి బ్యాండే కదా, జరీ అంచు ఎర్రకోటు వేసుకుని, బుగ్గలు పూరించి, పెట్రోమాక్స్ లైట్ల మధ్యన నడుచుకుంటూ ఊదేవాళ్ళు, ఊరేగింపు ఇంకా వీధి మలుపు తిరగకముందే వినపడాలి, అదీ దాని డ్యూటీ. హాసెల్ ఊదితే మాత్రం పక్క గదిలోకి కూడా వినపడదేమో అనిపిస్తుంది. గాలి ఎక్కువ, శబ్దం తక్కువ. పెదాలు పూర్తిగా బిగించకుండా ఊదుతున్నట్టు ఉంటుంది, స్వరం కంటే ముందు ఊపిరి వినపడుతుంది, తర్వాత ఎక్కడో మధ్యలో స్వరం తేలి, తేలిన చోట నిలబడకుండా మెల్లిగా పైకి జారి, మళ్ళీ కిందకి వచ్చి, ఇంకా పూర్తి కాకుండానే గాల్లో కలిసిపోతుంది. సంగీతం కాస్త చెవిన పడ్డ ఇంట్లో పెరిగినవాళ్ళెవరికైనా ఆ జారుడు వినగానే తెలిసిపోతుంది, గమకం అది. ట్రంపెట్ మీద గమకం!

ఇదెంత కష్టమో ఒక్క నిమిషం ఆలోచించండి. ట్రంపెట్‌కి ఉండేవి మూడు మీటలు, ఒక్కోటి నొక్కితే గొట్టం కాస్త పొడవవుతుంది, స్వరం దిగుతుంది, అంటే ఇది మెట్లు మెట్లుగా దిగే వాయిద్యం. మెట్టుకీ మెట్టుకీ మధ్యన జారాలంటే దానికి ఏర్పాటు లేదు. సన్నాయి వాళ్ళకి పీక మీద పెదవి పట్టు ఉంది, కన్నాల మీద వేలు సగం ఎత్తే సౌకర్యం ఉంది, వీణ అయితే తీగ లాగితే సరి. ట్రంపెట్ వాడు మీట సగం నొక్కి, పెదవి బిగింపు మార్చి, ఊపిరితో సర్దుకుని, అలా లేని దారి వేసుకుంటూ పోవాలి. మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ చేసింది కూడా ఇలాంటి పనే, మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం టక్కున చచ్చిపోతుంది, గమకం సాగేంత సేపు నిలబడదు, అందుకని ఆయన జంట తీగలు తీసేసి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. కరెంటు పెట్టింది మోడర్న్‌గా కనపడాలని కాదు, రాగం అడిగింది కాబట్టి పెట్టాడు. హాసెల్ విషయంలోనూ నాకు అదే అనిపిస్తుంది, అందుకే ఈ రికార్డుని ఎలక్ట్రానిక్ ఎక్స్‌పెరిమెంటల్ అని ఓ డబ్బాలో పెట్టేసినప్పుడల్లా కాస్త చిరాకేస్తుంది.

ఈయనకి రాగం ఎక్కడ తగిలింది అంటే, అది ఇంకో కథ. హాసెల్ పుట్టింది 1937లో, మెంఫిస్‌లో. అమెరికాలో ఈస్ట్‌మన్ స్కూల్లో చదువుకున్నాక జర్మనీ వెళ్ళి కొలోన్‌లో స్టాక్‌హౌసెన్ అనే కంపోజర్ దగ్గర చేరాడు, ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌కి అప్పట్లో అదే కాశీ, ఆ క్లాసులో ఈయన తోటివాళ్ళు హోల్గర్ చుకాయ్, ఇర్మిన్ ష్మిట్, తర్వాత క్యాన్ అనే బ్యాండ్ పెట్టింది వాళ్ళే. తిరిగొచ్చి అమెరికన్ కంపోజర్లు టెరీ రైలీతో పనిచేశాడు, లా మాంటే యంగ్ బృందంలో చేరాడు. ఈ రైలీ, యంగ్ ఇద్దరూ 1970 నుంచి పండిట్ ప్రాణ్‌నాథ్ అనే కిరానా ఘరానా (హిందుస్తానీ సంగీతంలో ఒక గురుపరంపర) గాయకుడి శిష్యులైపోయారు. వాళ్ళతో పాటు హాసెల్ కూడా. 1972లో అందరూ కలిసి ఇండియా వచ్చారు. ప్రాణ్‌నాథ్ లాహోర్‌లో పుట్టి, చిన్నప్పుడే ఇల్లు వదిలేసి, ఉస్తాద్ అబ్దుల్ వహీద్ ఖాన్ దగ్గర నేర్చుకుని, డెహ్రాడూన్ దగ్గర తపకేశ్వర్ గుహ గుడిలో ఏళ్ళ తరబడి ఉండి పాడుకున్న మనిషి. ఆ అబ్దుల్ వహీద్ ఖాన్ పేరు చెప్పగానే ఎవరైనా అనేది ఆ నింపాది గురించే, అంత నెమ్మదిగా రాగాన్ని విప్పడం.

ఇక్కడ మనవాళ్ళకి ఒక చిన్న లింకు ఉంది, ఊరికే లాగి కలిపింది కాదు. కిరానా ఘరానాకి పెద్ద తలకాయ అబ్దుల్ కరీం ఖాన్, వహీద్ ఖాన్‌కి చుట్టమే. ఆయన మైసూరు ఆస్థానానికీ, మద్రాసు వైపుకీ వస్తూ పోతూ కర్ణాటక సంగీతం మీద మనసు పారేసుకున్నాడు, త్యాగరాజ కీర్తన రామా నీ సమానమెవరు, ఖరహరప్రియలో, రికార్డు ఇచ్చాడు. తెలుగులోనే! ఉచ్చారణ ఎలా ఉందని అడక్కండి, వినండి, ఆ గొంతుకి అన్నీ మాఫీ. అంటే త్యాగయ్య కృతి పాడిన ఘరానా ఏదైతే ఉందో, దాని ఇంకో కొమ్మ లాహోర్ మీదుగా న్యూయార్క్ వెళ్ళి, ఒక మెంఫిస్ వాడి ట్రంపెట్‌లో దూరింది. ఇది తెలిసిన రోజు నేను ఆఫీసులో పక్కసీటు వాడికి చెప్తే వాడు "అయితే ఏంటంట" అన్నాడు. ఏమీ లేదు, నాకు బాగుంది అంతే.

ప్రాణ్‌నాథ్ దగ్గర హాసెల్ ముందు గొంతుతోనే నేర్చుకున్నాడు, ఆ పాడిన గీతల్ని తర్వాత ట్రంపెట్‌లోకి దించుకున్నాడు. అక్కడితో ఆగితే ఇండియన్ మ్యూజిక్ నేర్చిన తెల్లాయన అని ఓ మంచి మాట అనేసి వదిలేసేవాళ్ళం. ఈయన దాన్ని హార్మనైజర్‌లో పెట్టాడు. ఈవెంటైడ్ కంపెనీ 1975 ప్రాంతంలో తెచ్చిన పెట్టె అది, లోపలికి ఒక స్వరం పంపితే, దాన్ని అలాగే ఉంచి ఇంకో ఎత్తులో దాని నకలు కూడా బయటికి ఇస్తుంది. మామూలుగా స్టూడియో వాళ్ళు గొంతు కాస్త మందంగా రావడానికో, శృతి సర్దడానికో వాడుకునేవాళ్ళు. హాసెల్ ఊదే ఒక్కో జారుడుకీ పైనా కిందా ఇంకో రెండు జారుళ్ళు తోడయ్యి, మూడూ ఒకే వంకర తిరుగుతూ కలిసి నడుస్తాయి. మన సంగీతంలో గమకం ఒంటరి వ్యవహారం కదా, ఒక గొంతు, వెనక తంబురా, దానికి తోడుగా వయొలిన్ ఒక అడుగు వెనక. ఇక్కడేమో గమకమే కార్డ్ (ఒకేసారి కలిసి మోగే కొన్ని స్వరాలు) అయిపోయింది. పాశ్చాత్యంలో కార్డ్ ఉంది గానీ అది ఇలా జారదు, మన దగ్గర జారుడుంది గానీ కార్డ్ లేదు. ఆ రెంటికీ మధ్యన ఉన్న చోటు వినాలంటే ఈ రికార్డు పెట్టుకోవాలి, ఎలక్ట్రానిక్స్ అనేది ఇక్కడ చేసిన పని నిజానికి ఇదే, మిగతాది పొగ.

పొగ అని తీసిపారేస్తున్నా గానీ ఈనో చేసింది తక్కువేం కాదు. క్రెడిట్స్‌లో ఈయన వాయించినవాటికి పెట్టిన పేర్లు చూడండి, నేపథ్య మేఘ గిటార్లు అట, బాగా ఎత్తులో ఎగిరే ప్రాఫెట్ సింథ్ అట. చదివి నవ్వుకున్నా, తర్వాత వింటుంటే అంతకన్నా సరిగ్గా చెప్పలేం అనిపించింది. ట్రంపెట్ చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో, ఆ ఖాళీకి ఎంత తడి ఉండాలో ఈయన చూసుకున్నాడు.

ఇంక ఘటం. అసలు ఈ పోస్టు రాయడానికి సగం కారణం అదే.

మొదటి ట్రాక్ కెమిస్ట్రీలో పెర్సీ జోన్స్ ఫ్రెట్‌లెస్ బాస్ గిటార్ వాయిస్తాడు, మెట్లు లేని బాస్ కాబట్టి అదీ జారుతుంది, కింద అది జారుతుంటే పైన ట్రంపెట్ జారుతుంటుంది. మధ్యన ఓ గట్టి మట్టి చప్పుడు, టకతక అని పలచగా, ఉండుండి బుంగలోంచి గాలి తన్నినట్టు బొయ్‌మని ఒక గుమ్‌కీ. వాయించింది బ్రెజిల్‌కి చెందిన నానా వాస్కొన్సెలోస్, సెనెగల్‌కి చెందిన అయిబ్ డియెంగ్, క్రెడిట్స్‌లో ఇద్దరికీ కాంగాలతో పాటు ఘటం అని ఉంటుంది. అప్పటికి కొన్నేళ్ళ ముందే శక్తి బ్యాండ్‌లో విక్కు వినాయక్‌రామ్ గారు ఘటం పట్టుకుని పాశ్చాత్య స్టేజీలన్నీ ఊపేసి ఉన్నారు, కాబట్టి న్యూయార్క్‌లో ఘటం దొరకడం వింత కాదు. వింత ఏంటంటే వీళ్ళు వాయించిన తీరు. మన కచేరీలో ఘటం అంటే మృదంగం ఏదంటే దానికి జవాబు, తని ఆవర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) లెక్కలు, కోర్వైలనే ముగింపు ముక్కలు, చివర్లో తప్పకుండా చప్పట్లు. వీళ్ళు లెక్క అనేది పక్కన పెట్టేశారు. ఒకే చిన్న ముక్కని తిప్పి తిప్పి వాయిస్తారు, ఒకరి ముక్క ఇంకొకరి ముక్కతో పూర్తిగా అతక్కుండా కొంచెం కొంచెం పక్కకి జరుగుతూ ఉంటుంది.

మా నాన్న చిన్నప్పుడు కొన్నాళ్ళు మృదంగం నేర్చుకున్నాడు, ఇప్పటికీ టీవీలో కచేరీ వస్తే సోఫా చెయ్యి మీద తాళం వేస్తాడు. ఆయనకి హెడ్‌ఫోన్స్ పెట్టి ఇది వినిపించా. కాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు, చెయ్యి లేచింది, వేళ్ళు లెక్క మొదలెట్టాయి, ఆగాయి, మళ్ళీ మొదలెట్టాయి, మళ్ళీ ఆగాయి. "ఘటం బానే ఉందిరా, సమం ఎక్కడ?" అన్నాడు, సమం అంటే తాళం మొదలయ్యే దెబ్బ. లేదు నాన్నా అన్నా. "లేకపోవడమేంట్రా, వాళ్ళకైనా తెలియాలిగా" అని ఇంకో రెండు నిమిషాలు వెతికి, హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చేస్తూ "ఆ ఊదేవాడికి మాత్రం శృతి జ్ఞానం ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. హాసెల్‌కి దక్కిన రివ్యూల్లో నాకు ఇదే టాప్.

మిగతా ట్రాకులు గబగబా చెప్పేస్తా. డెల్టా రెయిన్ డ్రీమ్ మెత్తగా ఉంటుంది, వాన పడుతున్న మధ్యాహ్నం పెట్టుకోవచ్చు. గ్రియో నాకు ఎక్కలేదు, ఎన్నిసార్లు విన్నా ఇది ఇక్కడెందుకుంది అనే అనిపిస్తుంది. బా-బెంజెలే అనేది మధ్య ఆఫ్రికా అడవుల్లో ఉండే ఒక జాతి పేరు, వాళ్ళ పాటల్ని సిమా అరోమ్ అనే ఆయన 1960ల్లో రికార్డు చేస్తే, ఆ ఎల్పీ విని చాలామంది మ్యూజీషియన్లకి పిచ్చెక్కింది, జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ 1973 ఆల్బమ్‌లో బీరు సీసాలోకి ఊది చేసిన శబ్దం కూడా అక్కణ్నుంచి వచ్చిందే. హాసెల్ ట్రంపెట్ ఇక్కడ పొరలు పొరలుగా, నలుగురైదుగురు ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకుంటున్నట్టు ఉంటుంది.

అసలు సరుకు రెండో వైపు ఉంది. ఎల్పీ రెండో వైపు అంతా ఒకటే ట్రాక్, చార్మ్, 21 నిమిషాల పైనే. వాయిద్యాలు మెల్లగా ఒకే చుట్టు తిరుగుతుంటాయి, వెనక మందంగా ఒక ధ్వని తంబురా పని చేస్తుంటుంది, ట్రంపెట్ ఒక మాట అంటుంది, ఆగుతుంది, చాలాసేపు ఆగుతుంది, ఇంక రాదేమో అనుకునేటప్పటికి మొదటి మాటలో సగం మళ్ళీ అంటుంది, ఈసారి చివర వంకర కొంచెం మార్చి. ఆలాపన వినే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది అసలు బోరే కొట్టదు, ఎందుకంటే రాగం ఇంకా గాంధారం దాటలేదు అని ఎదురుచూసే ఓపిక మనకి ఆల్రెడీ ఉంది. రాక్ వినే ఫ్రెండ్స్‌కి పెడితే ఆరో నిమిషంలో ఫోన్ తీస్తారు. వహీద్ ఖాన్ నింపాది ప్రాణ్‌నాథ్‌కి, ప్రాణ్‌నాథ్ నింపాది ఈయనకి వచ్చింది అనుకుంటా నేను, రుజువు అడిగితే ఆ 21 నిమిషాలే రుజువు.

ఇంక పేరు గొడవ. ఈనో 1978లో న్యూయార్క్ వచ్చినప్పుడు హాసెల్ మొదటి ఆల్బమ్ వెర్నల్ ఈక్వినాక్స్ తెగ విన్నాడు, తర్వాత ద కిచెన్ అనే చోట హాసెల్ ప్రోగ్రాం చూసి వెళ్ళి పరిచయం చేసుకున్నాడు, కలిసి చేద్దాం అన్నాడు. అంటే ఐడియా, రాగం, ట్రంపెట్, ఫోర్త్ వరల్డ్ అన్న మాటతో సహా అన్నీ హాసెల్‌వే, అప్పటికే చేస్తున్నవే. ఈనో పేరు పడింది కాబట్టి రికార్డు నలుగురికీ చేరింది, అది ఒప్పుకోవాలి, కానీ షాపుల్లో తీసుకెళ్ళి ఈనో అరలో పెట్టేవాళ్ళు, ఇదేదో ఈనో కొత్త ప్రయోగం, దాంట్లో ఎవరో ట్రంపెట్ ఊదారు అన్నట్టు. దీని మీద హాసెల్‌కి తర్వాత మనసులో మంట ఉండేది, ఇంటర్వ్యూల్లో దాచుకోలేదు. దానికి తోడు 1981లో టాకింగ్ హెడ్స్ బ్యాండ్ గాయకుడు డేవిడ్ బర్న్, ఈనో కలిసి మై లైఫ్ ఇన్ ద బుష్ ఆఫ్ గోస్ట్స్ తెచ్చారు, మొదట్లో ఆ మాటల్లో హాసెల్ కూడా ఉన్నాడు, ముగ్గురం చేద్దాం అనుకున్నది ఇద్దరు చేసేశారు, విన్నాక తన ఆలోచన ఎత్తుకెళ్ళి బీటు కట్టినట్టు ఆయనకి అనిపించింది. దానికైతే బాగా పేరొచ్చింది, ఇప్పటికీ శాంప్లింగ్ (వేరే రికార్డింగుల్లోంచి ముక్కలు తీసి వాడుకోవడం) చరిత్ర ఎవరు చెప్పినా అక్కడ ఆగుతారు. ఈనో 2007లో గార్డియన్ పేపర్లో హాసెల్‌కి తను ఎంత బాకీ ఉన్నాడో వివరంగా రాశాడు, మంచి పనే, కానీ అప్పటికి 27 ఏళ్ళు.

నాకు ఎవరి పక్షం అంటే హాసెల్ పక్షమే, దాచేదేం లేదు. అయితే ఆయన మీద కూడా ఓ కంప్లయింటు ఉంది. ఫోర్త్ వరల్డ్ అంటే ఏంటయ్యా అంటే ఆదిమ సంగీతాన్నీ భవిష్యత్ టెక్నాలజీనీ కలపడం అని చెప్పేవాడు. ఏది ఆదిమం? కిరానా ఘరానా ఆదిమమా? మెషీన్ ముందూ, మిగతా ప్రపంచం వెనకా అన్న లైను అందులో దూరిపోయింది, ఆ రోజుల్లో అందరి నోటా అదే భాష అనుకోండి, అయినా గుచ్చుకుంటుంది. హార్మనైజర్ ఒక పెట్టె, పదేళ్ళు పోతే పాతబడిపోయేదే, 22 శ్రుతుల లెక్కలు దానికన్నా ఎక్కువ ఇంజినీరింగే కదా. అయితే ప్రాణ్‌నాథ్ దగ్గర నేర్చుకున్నానన్నది మాత్రం ఆయన ఎక్కడా దాచలేదు, ఎవరు అడిగినా గురువు పేరే ముందు చెప్పేవాడు. ఆ మాట పట్టుకుని అట్ట చూస్తే ఆ రెండు పేర్ల వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు, లాహోర్ నుంచి, సెనెగల్ నుంచి, ఘటం కాల్చిన కుమ్మరి దాకా, అందరి పేర్లూ వెయ్యాలంటే ఎల్పీ అట్ట చాలదు, అది కూడా నిజమే.

వినేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. ఫోన్ స్పీకర్లో పెట్టొద్దు, బాస్ అసలు వినపడదు, బాస్ లేకపోతే కెమిస్ట్రీలో సగం పోయినట్టే. షఫుల్ తీసెయ్యండి. టైం లేకపోతే కెమిస్ట్రీ, తర్వాత డైరెక్టుగా చార్మ్. నచ్చితే అదే వరసలో రెండోది డ్రీమ్ థియరీ ఇన్ మలయా ఉంది, 1981, దాంట్లో నీళ్ళ మీద చేతులతో కొట్టి వాయించే చప్పుళ్ళు ఉంటాయి. 1986లో వచ్చిన పవర్ స్పాట్ ఇంకా నున్నగా ఉంటుంది, దానికి కూడా ప్రొడ్యూసర్లలో ఒకడు ఈనోనే, అంటే అలకలు ఎన్ని ఉన్నా పని ఆగలేదన్నమాట. ఆయన 2021 జూన్‌లో, 84 ఏళ్ళకి పోయాడు. పోయేముందు 2018లో ఒకటి, 2020లో ఒకటి రెండు ఆల్బమ్‌లు వదిలాడు, సొంత లేబుల్ పెట్టుకుని మరీ. ఆ రెండిటి అట్టల మీదా పేరు ఒక్కటే, జాన్ హాసెల్.